ఎర్ర బంకనేలను చదవడం ఎలా?

మట్టి ఎర్రగా ఉంది. తడిస్తే చేతికి బంకలా అంటుకుంటుంది. ఏటా వాన దండిగా పడుతుంది. చూసినవాళ్లంతా బలమైన నేల అంటారు. అయినా పైరు మోకాలెత్తు దాటదు. వేసిన ఎరువు ఎటు పోయిందో అంతు చిక్కదు. పది రోజులు వాన ముఖం చాటేస్తే ఆకులు వాలిపోతాయి. ఇలాంటి భూమి ఉన్నవాళ్లు చాలామంది చేసే పని ఇంకో బస్తా ఎరువు తేవడం. ఆ బస్తాకు డబ్బు కట్టే ముందే ఈ అధ్యాయం చదవమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఈ నేల గుట్టు పైన కనిపించే రంగులో ఉండదు, అడుగు మట్టిలో ఉంటుంది. ఆ అడుగు మట్టిని రెండు ప్రశ్నలు అడిగితే నేల ఏ తరగతికి చెందిందో తేలుతుంది. తరగతి తేలితే ఏం వేయాలో, ఎంత వేయాలో, ఏది వేయకూడదో తెలుస్తుంది. నేలల వర్గీకరణ అనగానే అది పరీక్షల కోసం చదివే పాఠం అనుకుని పక్కన పెట్టేస్తారు. తడి ఎక్కువగా ఉండే ఉష్ణమండలంలో భూమి కొన్నవాడికి అంతకంటే అక్కరకొచ్చే చదువు లేదని నా నమ్మకం.

ఎరుపంతా ఒకటి కాదు

మట్టికి ఎరుపునిచ్చేది హెమటైట్, పసుపు ఛాయనిచ్చేది గోథైట్. రెండూ ఇనుప ఖనిజాలే. అవి కొద్దిగా ఉన్నా చాలు, నేలంతా రంగు పులిమేస్తాయి. అందుకే అనంతపురం ఎర్రనేలా, కేరళలో మలప్పురం ఎర్రనేలా ఫొటోలో చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. లోపల మాత్రం పోలికే లేదు.

తేడా వానది. అనంతపురంలో ఏటా పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. కేరళలో అది 3,000 దాకా వెళ్తుంది. అంత నీరు వేల ఏళ్లపాటు నేలలోంచి కిందికి దిగుతూ పోతే కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ కరిగి కొట్టుకుపోతాయి. సిలికా కూడా చాలావరకు పోతుంది. కరగని ఇనుము, అల్యూమినియం మిగులుతాయి. వాటితోపాటు మిగిలే బంకమట్టి కేయొలినైట్ అనే రకం. అదే నీరు పైపొరలోని సన్నటి బంకరేణువులను కూడా కిందికి మోసుకెళ్లి అడుగు పొరలో పేరుస్తుంది. కాబట్టి ఈ నేలకు మూడు గుర్తులు: పులుపు, అడుగున పేరుకున్న బంక, పోషకాలను పట్టుకోలేని బంక.

ఇలాంటి నేలలు ఆగ్నేయాసియాలో, అమెజాన్ చుట్టూ, దక్షిణ చైనాలో, పశ్చిమాఫ్రికాలో, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో విస్తారంగా ఉన్నాయి. అంతర్జాతీయ పద్ధతిలో అక్రిసాల్ అనే ఒక్క తరగతే ప్రపంచంలో సుమారు 100 కోట్ల హెక్టార్లు ఉంటుందని అంచనా. మన దేశంలో ఆమ్ల నేలలన్నీ కలిపి సుమారు 4.9 కోట్ల హెక్టార్లు. అందులో సగానికి పైగా, అంటే 2.6 కోట్ల హెక్టార్ల దాపు, పీహెచ్ 5.5 కంటే తక్కువున్నవి. కేరళ, పశ్చిమ కనుమలు, అస్సాం, మేఘాలయ, నాగాలాండ్, త్రిపుర వీటికి ముఖ్య స్థానాలు.

తెలుగు నేల మీద పరిస్థితి వేరు. తెలంగాణలో చల్కా నేలలుగా పిలిచేవి, రాయలసీమ ఎర్రనేలలు చాలావరకు ఈ కోవలోకి రావు. వాన తక్కువ కాబట్టి వాటిలో కాల్షియం ఇంకా మిగిలే ఉంది. పటాన్‌చెరులో ఇక్రిసాట్ పరిశోధన సంస్థ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. అక్కడి ఎర్రనేల అమెరికా వర్గీకరణలో ఆల్ఫిసాల్, అంటే క్షారాలు సరిపడా ఉన్న తరగతి. మన పెద్దలు ఎర్రనేల గురించి నేర్పిన అనుభవమంతా అలాంటి నేలల మీద వచ్చింది. ఆ అనుభవాన్నే అరకు కొండల మీదికో, కేరళలో కొన్న తోటకో, ఈశాన్యంలో తీసుకున్న ఎస్టేటుకో తీసుకెళ్తే లెక్క తప్పుతుంది. ఆంధ్రలో తూర్పు కనుమల ఏజెన్సీలో, అంటే పాడేరు, అనంతగిరి, చింతపల్లి వైపు వాన ఎక్కువ పడే ఎత్తు ప్రాంతాల్లో, ఆమ్లగుణాన్ని ముందుగా అనుమానించాలి. అక్కడి కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. ఖోండలైట్ రాయి లక్షల ఏళ్లపాటు వానకు నాని, అన్నీ పోగొట్టుకుని, చివరికి అల్యూమినియం మిగిలిన చోటు అది. తెలంగాణలో జహీరాబాద్ చుట్టుపక్కల లాటరైట్ నేలల్లోనూ ఒకసారి పరీక్ష చేయించడం మంచిది.

లాటరైట్ మాట వచ్చింది కాబట్టి ఒక భయాన్ని తీర్చాలి. 1800-01లో ఫ్రాన్సిస్ బుకానన్ ఈస్టిండియా కంపెనీ తరఫున మలబారు ప్రాంతం తిరిగినప్పుడు అంగాడిపురం దగ్గర జనం మెత్తటి ఎర్రమట్టిని ఇనుప పనిముట్లతో దిమ్మలుగా కోయడం, గాలి తగిలాక అవి ఇటుకల్లా గట్టిపడటం చూశాడు. 1807లో వచ్చిన తన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. అప్పటినుంచి ఉష్ణమండలంలో అడవి కొడితే నేలంతా రాయి అయిపోతుందనే మాట పాకిపోయింది. అది అన్ని ఎర్రనేలలకూ వర్తించదు. గట్టిపడే గుణం ఉన్న ప్రత్యేకమైన పొర నేలలో ఉండి, అది పైకి తేలి ఎండితేనే అలా జరుగుతుంది. మీ చేలో గుంట తీస్తే ఎరుపు, పసుపు, తెలుపు మచ్చలతో, గోటితో గీరితే గీత పడే పొర కనిపిస్తే దాన్ని పైకి తేనివ్వకండి. కనిపించకపోతే ఆ బెంగ వదిలేయండి.

రెండు ప్రశ్నలు, నాలుగు పేర్లు

బంకమట్టిని ఒక గాదె అనుకోండి. మొదటి ప్రశ్న: గాదె ఎంత పెద్దది? రెండో ప్రశ్న: అందులో ధాన్యం ఎంత, తాలు ఎంత?

గాదె పరిమాణాన్ని ల్యాబులో సీఈసీ అంటారు. బంకరేణువు తన ఒంటిమీద ఎన్ని పోషకాలను పట్టి ఉంచగలదో చెప్పే అంకె అది. నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ రకం బంకకు కిలోకు 80 నుంచి 120 సెంటీమోల్స్ దాకా ఉంటుంది. కేయొలినైట్‌కు 3 నుంచి 15 మాత్రమే. రెండూ బంకే. ఒకటి పెద్ద గాదె, ఇంకొకటి చిన్నది. అందుకే సగానికి సగం బంక ఉన్న ఎర్రనేల కూడా వేసిన పొటాష్‌ను నిలుపుకోలేక పోగొట్టుకుంటుంది.

గాదెలో ధాన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం. ఇవే క్షారాలు. తాలు అంటే అల్యూమినియం. ఇక్కడి తాలు ఊరికే చోటు ఆక్రమించి ఊరుకోదు, వేరును చంపుతుంది కూడా. పీహెచ్ 5.5 కంటే దిగేకొద్దీ బంకలోంచి అల్యూమినియం కరిగి బయటికి వస్తుంది. 5 కంటే తగ్గితే దాని పెత్తనమే. పీహెచ్ 6 నుంచి 5కు దిగితే ఆమ్లం పదిరెట్లు పెరిగినట్టు లెక్క, ఒక్క అంకె తేడాయే కదా అనుకోకూడదు.

ఈ రెండు ప్రశ్నల మీదే అంతర్జాతీయ పద్ధతి నిలబడింది. 1974లో ఎఫ్‌ఏఓ, యునెస్కో కలిసి తయారుచేసిన ప్రపంచ నేలల పటం సూచికతో మొదలై, 1998లో వరల్డ్ రిఫరెన్స్ బేస్ అనే పేరుతో రూపు మార్చుకుని, 2022లో నాలుగో ఎడిషన్ దాకా వచ్చింది. అడుగున బంక పేరుకున్న నేలలను అది ఇలా విడదీస్తుంది. గాదె చిన్నది, తాలు ఎక్కువ అయితే అక్రిసాల్. గాదె పెద్దదే కానీ తాలే ఎక్కువ అయితే అలిసాల్. గాదె చిన్నదైనా ఉన్నంతలో ధాన్యం బాగుంటే లిక్సిసాల్. గాదె పెద్దది, ధాన్యమూ ఎక్కువ అయితే లువిసాల్. చిన్న, పెద్ద అనడానికి గీత కిలో బంకకు 24 సెంటీమోల్స్ దగ్గర ఉంది. ధాన్యం, తాలు తేల్చడానికి పాత ఎడిషన్లలో క్షార సంతృప్తత, అంటే గాదెలో క్షారాల వాటా, 50 శాతం దగ్గర గీత పెట్టుకున్నారు. ఇప్పుడు అల్యూమినియం క్షారాలన్నిటి మొత్తం కంటే ఎక్కువ ఉందా అని సూటిగా అడుగుతున్నారు. రైతు కోణంలోంచి చూస్తే ఈ కొత్త ప్రశ్నే మేలు, ఎందుకంటే వేరు పట్టించుకునేది కూడా దాన్నే.

ఈ నాలుగు పేర్లూ బట్టీ పట్టనక్కర్లేదు. ఏ పేరుకు ఏ పని అన్నది పట్టుకుంటే చాలు. లిక్సిసాల్‌కు సున్నం అవసరం తక్కువ. దాని బాధ వాన పడ్డాక పైన పెంకు కట్టడం, గింజ మొలకెత్తి పైకి రాలేకపోవడం. అక్రిసాల్‌కు సున్నం కావాలి, కానీ గాదె చిన్నది కాబట్టి కొద్దికొద్దిగా. అలిసాల్ మొండిది. దాని బంక ఇంకా శిథిలమవుతూ కొత్త అల్యూమినియాన్ని వదులుతూనే ఉంటుంది. పైగా గాదె పెద్దది కాబట్టి తాలును వెళ్లగొట్టడానికి సున్నం చాలా పడుతుంది. ఇలాంటి నేలలో ఆమ్లాన్ని ఓర్చుకునే పంటను ఎంచుకోవడమే తెలివైన పని.

అమెరికా పద్ధతిలో అక్రిసాల్‌కు దగ్గరి పేరు అల్టిసాల్. 1975లో సాయిల్ టాక్సానమీ పేరుతో వచ్చిన ఆ పద్ధతి క్షారాలను బాగా లోతున కొలుస్తుంది. బంకపొర మొదలైన చోటునుంచి 125 సెంటీమీటర్ల కింద, లేదా నేలమట్టం నుంచి 180 సెంటీమీటర్ల లోతులో, క్షార సంతృప్తత 35 శాతం కంటే తక్కువ ఉండాలని అంటుంది. అంత లోతు ఎందుకు అనిపించవచ్చు. పైన రైతు సున్నం చల్లితే పైమట్టి గుణం మారుతుంది, లోతులో మాత్రం నేల తన అసలు స్వభావంతోనే ఉంటుంది. పేరు ఆ స్వభావానికి.

ఇంకా వయసు మళ్లిన నేల ఆక్సిసాల్, అంతర్జాతీయ పద్ధతిలో ఫెరల్‌సాల్. అందులో పై నుంచి కిందిదాకా బంక దాదాపు ఒకేలా ఉంటుంది, గాదె మరీ చిన్నది. చేతిలో నలిపితే బంకరేణువులు గుళికలుగా కట్టి ఇసుకలా తగులుతాయి. నీరు చప్పున ఇంకిపోతుంది. అక్రిసాల్‌లో అలా కాదు. పైపొర తేలిక, కింద బంక బిగువు. పెద్దవాన పడితే నీరు ఆ బిగువు దగ్గర నిదానించి పక్కకు పారుతుంది, పైమట్టిని వెంట తీసుకుపోతుంది.

గుంట తీసి చూడండి

పలుగూ పారా తీసుకుని, చేలో సగటుగా ఉన్న చోట ఛాతీలోతు గుంట తీయండి. ఎండ పడే వైపు గోడను కత్తితో నున్నగా చెక్కండి. కాసేపు ఊరికే చూడండి. రంగు ఎక్కడ మారుతోంది, గట్టిదనం ఎక్కడ మొదలవుతోంది, వేళ్లు ఎక్కడిదాకా వెళ్లాయి, ఇవి గుర్తు పెట్టుకోవాలి.

ముందు వేళ్లు. నాకు ల్యాబు కాగితం కంటే ముందు వేరు మీదే నమ్మకం. మొక్కను పెకలించి వేళ్లు కడిగి చూడండి. కొసలు మొద్దుబారి, లావెక్కి, గోధుమరంగుకు తిరిగి, సన్నటి పిల్లవేళ్లు లేకుండా ఉంటే అది అల్యూమినియం చేసిన పనే కావచ్చు. ఒక లోతు దాకా దిగి అక్కడినుంచి అడ్డంగా తిరిగిన వేరు కనిపిస్తే కింద దాన్ని అడ్డుకునేది ఏదో ఉంది. అది రాయో, దున్ని దున్ని బిగిసిన పొరో, ఆమ్లమో కావచ్చు. రాయి, బిగువు చేతికి తెలుస్తాయి. ఆ రెండూ లేకపోతే ఆమ్లమే. పది రోజుల బెట్టకే పైరు వాడిపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. అరగజం కింద తేమ నిండుగా ఉంది, వేరు మాత్రం అక్కడికి చేరలేకపోతోంది.

తర్వాత బంక. ఒక్కో పొరనుంచి పిడికెడు మట్టి తీసి, తడిపి, ముద్దచేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీయండి. రెండున్నర సెంటీమీటర్లలోపే తెగిపోతే బంక తక్కువ. ఐదు సెంటీమీటర్లు దాటి సాగితే బంకనేల. పైమట్టి తొందరగా తెగి, అడుగు మట్టి బాగా సాగితే బంక కిందికి దిగిందని అర్థం. పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం ఉంటే అడుగు మట్టి పెళ్లను విరిచి లోపలి ముఖం చూడండి. నూనె రాసినట్టు మెరిసే పలుచటి పొర కనిపిస్తుంది. పైనుంచి నీరు మోసుకొచ్చిన బంక అక్కడ అద్దినట్టు అంటుకుంది.

గాదె చిన్నదా పెద్దదా అన్నది వేసవిలో నేల ముఖం చూస్తే చాలావరకు తెలుస్తుంది. రేగడిలో కాలు దిగేంత నెర్రెలు పడతాయి. బంక అంతే ఉన్నా నెర్రెలు పడని నేల కేయొలినైట్ నేల.

చివరిగా, ఎండిన మట్టి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉంది, ఈ అధ్యాయం మీ నేలకు సంబంధించింది కాదు. పొంగకపోతే ఆమ్లమే అని తేల్చేయకండి. ఆమ్లం లేని నేలల్లోనూ చాలావాటికి సున్నం ఉండదు.

ల్యాబును ఏం అడగాలి?

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం మంచిది. ఉచితంగా 12 అంశాలు చెబుతుంది: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. కానీ అందులో సీఈసీ లేదు, అల్యూమినియం లేదు. పైగా నమూనా పైనున్న జానెడు మట్టిదే. రేగడికి, ఒండ్రు నేలకు అది సరిపోతుంది. మనం మాట్లాడుకుంటున్న నేలకు చాలదు. కాబట్టి పైమట్టి ఒక సంచిలో, అడుగున బంకపొర మట్టి ఇంకో సంచిలో కట్టి, వ్యవసాయ విశ్వవిద్యాలయం ల్యాబుకో, కాఫీ, రబ్బరు బోర్డుల వంటి పంట బోర్డుల ల్యాబులకో, ఆ పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబుకో ఇచ్చి నాలుగు అంకెలు అడగండి: బంక శాతం, సీఈసీ, మార్పిడికి వచ్చే క్షారాలు, మార్పిడికి వచ్చే అల్యూమినియం. కొన్ని ల్యాబులు ఇంకా 100 గ్రాములకు మిల్లీ ఈక్వివలెంట్లలో రాస్తాయి. పేరే వేరు, అంకె మారదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పైమట్టిలో బంక 22 శాతం, అడుగు మట్టిలో 40 శాతం వచ్చిందనుకోండి. పైన 15 నుంచి 40 శాతం బంక ఉన్న నేలలో అడుగున దానికి 1.2 రెట్లు ఉంటే బంక పేరుకున్న పొరగా అమెరికా పద్ధతి ఒప్పుకుంటుంది. ఇక్కడ 1.8 రెట్లు ఉంది. అడుగు మట్టి సీఈసీ 6 అని వచ్చింది. అది మొత్తం మట్టిది, మనకు బంకది కావాలి. 6ను 0.40తో భాగిస్తే 15. గీత 24 కాబట్టి గాదె చిన్నదే. కాల్షియం 1.2, మెగ్నీషియం 0.4, పొటాషియం 0.1, సోడియం 0.1, మొత్తం క్షారాలు 1.8. అల్యూమినియం 2.2. తాలు ధాన్యాన్ని మించింది. ఇది అక్రిసాల్. క్షారాలు, అల్యూమినియం కలిపి 4.0లో అల్యూమినియం వాటా 55 శాతం. అల్యూమినియాన్ని తట్టుకోలేని పంటలు ఇందులో కుదురుకోవు.

సున్నం ఎంత, ఏది, ఎప్పుడు?

పీహెచ్‌ను 7కు తేవాలనే పట్టుదల చలిదేశాల నేలల నుంచి వచ్చింది. ఎర్ర బంకనేలకు అది చేటు. సున్నం ఎక్కువైతే జింకు, బోరాన్, మాంగనీస్ మొక్కకు అందకుండా పోతాయి. ఈ నేలల్లో అవి ముందే అంతంతమాత్రం. అమెరికాలో నార్త్ కరోలినా శాస్త్రవేత్త యూజీన్ కంప్రాత్ 1970లో దీనికి సరైన దారి చూపించాడు. పీహెచ్‌ను వదిలేసి, అల్యూమినియాన్ని అణచడానికి సరిపడా సున్నం వేయమన్నాడు. లెక్క తేలిక. పైమట్టిలో అల్యూమినియం అంకెను ఒకటిన్నరతో గుణిస్తే హెక్టారుకు ఎన్ని టన్నుల సున్నపురాయి పొడి కావాలో దాదాపు తెలుస్తుంది. పై 15 సెంటీమీటర్ల మట్టికి ఇది సరిపోతుంది. సున్నితమైన పంటకు రెండుతో గుణించాలి. అల్యూమినియం 1.5 వస్తే హెక్టారుకు రెండుంబావు టన్నులు, అంటే ఎకరాకు తొమ్మిది క్వింటాళ్లు. పాత కాలపు మోతాదులతో పోలిస్తే ఇది రైతు మోయగల ఖర్చు.

మెగ్నీషియం కూడా తక్కువున్న చోట డోలమైట్ పొడి మేలు. నీటితో చల్లార్చిన సున్నం త్వరగా పనిచేస్తుంది, కానీ ఒళ్లు కాలుతుంది, ఎక్కువైతే మొలక దెబ్బతింటుంది. సున్నపురాయి పొడి అయితే మెత్తగా ఉండాలి, గరుకు పొడి ఏళ్లతరబడి కరగదు. విత్తడానికి కొన్ని వారాల ముందే చల్లి మట్టిలో కలియదున్నండి. యూరియాతోగానీ, అమ్మోనియా ఎరువుతోగానీ కలిపి వేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది.

సున్నానికి ఒక బలహీనత ఉంది. అది ఉన్నచోటు కదలదు. పైమట్టి బాగుపడుతుంది, అడుగు అలాగే ఉంటుంది. అక్కడికి దిగగలిగేది జిప్సం. అది పీహెచ్‌ను పెద్దగా మార్చదు. కానీ వానతో కిందికి దిగి అడుగు మట్టికి కాల్షియం ఇస్తుంది, అందులోని సల్ఫేటు అల్యూమినియం విషాన్ని తగ్గిస్తుంది. వేరుశనగలో ఊడలు దిగే వేళ జిప్సం వేయడం మన రైతులకు అలవాటే. అక్కడ కాయ గింజ కట్టడానికి వేస్తారు, ఇక్కడ వేరుకు దారి తెరవడానికి వేస్తాం. బ్రెజిల్‌లో సెరాడో అనే గడ్డి మైదానం ఒకప్పుడు పంటకు పనికిరాదని వదిలేసినది. సున్నం, భాస్వరంతో దాన్ని పంటభూమిగా మార్చినందుకు ఎడ్సన్ లోబాటో, అలిసన్ పావొలినెల్లి, కోలిన్ మెక్లంగ్ 2006లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్నారు. ఆ నేలలు ఎక్కువగా ఆక్సిసాల్స్ అయినా, వైద్యం చాలావరకు ఇదే.

భాస్వరం సంగతి వేరు. ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టేసి మొక్కకు ఇవ్వవు. అందుకే సూపర్ ఫాస్ఫేటును చేనంతా చల్లడం వృథా. విత్తనం పక్కన, వేరు దగ్గర గీతగా వేయాలి. దీర్ఘకాలపు తోట అయితే రాక్ ఫాస్ఫేట్ మంచిది. ఇతర నేలల్లో కరగని ఆ రాతిపొడిని ఈ నేల ఆమ్లమే నెమ్మదిగా కరిగిస్తుంది. నేల లోపం మనకు పనికొచ్చే అరుదైన సందర్భం ఇది. సున్నం, రాక్ ఫాస్ఫేట్ ఒకేసారి ఒకేచోట వేయకండి.

పైమట్టే ఆస్తి

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ ఒక షరతు మీద నడుస్తాయి. పైమట్టి ఉండాలి. చిన్న గాదె ఉన్న నేలలో పోషకాలను పట్టుకునే శక్తిలో పెద్ద వాటా పైపొరలోని సేంద్రియ పదార్థానిదే. అల్యూమినియాన్ని కట్టిపడేసేది కూడా అదే. ఆ పొర కొట్టుకుపోతే బయటపడేది ఆమ్లం నిండిన అడుగు బంక. దాన్ని మళ్లీ పైమట్టిగా మార్చడం ఒక తరంలో అయ్యే పని కాదు.

కొండవాలున్న తోటను కొనగానే జేసీబీ పెట్టి చదును చేయించే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. దయచేసి ఆ పని చేయకండి. పెరూలో యూరిమాగువాస్ దగ్గర నేల శాస్త్రవేత్త పెడ్రో శాంచెజ్ బృందం అల్టిసాల్ నేల మీద రెండు రకాలుగా అడవి కొట్టి పోల్చి చూసింది. కొట్టి కాల్చిన చోట కంటే బుల్డోజరుతో చదును చేసిన చోట దిగుబడి బాగా తక్కువ వచ్చింది. యంత్రం పైమట్టిని గీకేస్తుంది, నేలను బిగించేస్తుంది, బూడిద ఇచ్చే కాల్షియం కూడా దక్కనివ్వదు. ఏజెన్సీలో పోడు కొట్టిన మొదటి ఏడాది చోడి, సామ బాగా పండటం వెనక ఉన్నది ఈ బూడిదే. అది సున్నంలా పనిచేసి పీహెచ్ పెంచుతుంది. రెండు మూడేళ్లలో వాన దాన్ని కడిగేస్తుంది, పంట పడిపోతుంది, మనిషి కొత్త చోటు వెతుక్కుంటాడు. పోడు చేసేవాళ్లకు నేల తెలియదనే మాట నేను ఒప్పుకోను. తగినంత కాలం బీడు పెట్టే వీలున్నంతవరకు వాళ్లు చేసింది ఈ నేలకు తగిన సేద్యమే. బీడు కాలం కుదించుకుపోవడంతో చిక్కు వచ్చింది.

అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ అనే పద్ధతి ఇలాంటి వాలులకు ఎంతో తగినది. ఆకు రాలి నేలను కప్పుతుంది, చినుకు నేరుగా మట్టిని కొట్టదు, చెట్టు వేరు లోతునుంచి లాగిన పోషకం ఆకుగా పైకి వస్తుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ రుచి నిలవాలంటే కింద ఆ ఆకుల దుప్పటి నిలవాలి. కలుపు తీసిన చెత్తను బయట పారేయకుండా అక్కడే పరచండి. వాలుకు అడ్డంగా నాటండి. నేల ఎప్పుడూ నగ్నంగా ఉండకూడదు.

పంట ఎంపికలో కూడా నేల స్వభావానికి ఎదురు వెళ్లనక్కర్లేదు. తేయాకు పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్యనే కోరుకుంటుంది, దానికి సున్నం దండగ. అనాస, కర్రపెండలం, రబ్బరు, జీడిమామిడి, బొబ్బర్లు ఆమ్లాన్ని చాలావరకు ఓర్చుకుంటాయి. కాఫీకి మాత్రం 6 దాపు ఉంటే బాగుంటుంది. రాజ్మా లాంటి పప్పుజాతికి సున్నం తప్పనిసరి. వేరు బొడిపెల్లో నత్రజని తయారుచేసే బ్యాక్టీరియా ఆమ్లాన్ని తట్టుకోలేదు, దానికి కావాల్సిన మాలిబ్డినం కూడా ఆమ్లంలో అందదు.

అట్లాంటా, షార్లెట్, రాలీ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లకు ఒక మాట. మీ పెరట్లో తవ్వితే వచ్చే ఎర్ర బంక ఈ కుటుంబానిదే, ఉష్ణమండలానికి కాస్త ఉత్తరాన ఉన్న శాఖ. అక్కడ విస్తారంగా ఉన్న సెసిల్ అనే నేల నార్త్ కరోలినాకు రాష్ట్ర నేల కూడా, వర్గీకరణలో అల్టిసాల్. ఇల్లు కట్టేటప్పుడు బిల్డరు పైమట్టి తీసేసి ఉంటే మీకు మిగిలింది అడుగు బంకే. గోంగూర, బీర, వంగ వేసే ముందు మట్టి పరీక్ష చేయించి, ల్యాబు చెప్పిన మోతాదు సున్నం, దానితోపాటు దండిగా కంపోస్టు కలపండి. బ్లూబెర్రీ, అజేలియా ఉన్న మూలకు ఆ సున్నం చేరనివ్వకండి, వాటికి పుల్లటి మట్టే ఇష్టం.

ఒకసారి సున్నం వేస్తే పని అయిపోదు. నత్రజని ఎరువులు ఏటా మళ్లీ ఆమ్లాన్ని పెంచుతాయి. 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్ తెచ్చే ఆమ్లాన్ని సరిచేయడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలి, 100 కిలోల యూరియాకు సుమారు 80 కిలోలు. కాబట్టి ఏటా ఏ ఎరువు ఎన్ని బస్తాలు వేశారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. మూడేళ్లకోసారి ఆ మొత్తానికి తగ్గ సున్నం లెక్క కట్టి, పాత గుంటకు పక్కనే కొత్త గుంట తీసి, పై సంచి, అడుగు సంచి రెండూ మళ్లీ ల్యాబుకు పంపండి. పైమట్టి అంకెలు త్వరగా మారతాయి. అడుగున అల్యూమినియం తగ్గడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి మొదటిసారి తేడా కనిపించలేదని జిప్సం మానేయకండి.